పెరట్లో పురుళ్ల కాలం

ఎండలు ముదిరాయంటే మనం తలుపులు బిగించుకుని కూర్చుంటాం. సరిగ్గా అప్పుడే మన చుట్టూ ఉన్న పిట్టలకు ఏడాదిలో ఎన్నడూ లేనంత హడావుడి. ఫాల్గుణం నుంచి రోహిణి కార్తె దాకా పెరట్లో, చెరువు గట్టున, ఊరి చింతల మీద సాగే ఆ సందడి ఓ పక్షి ప్రేమికుడి చూపులో...

పక్షుల్ని చూడాలంటే చలికాలమేనని మనలో చాలామంది నమ్మకం. నేలపట్టు, కొల్లేరు, పులికాట్, సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ... సంక్రాంతి దాటిన కొన్నాళ్లకి ఆ సందడి సద్దుమణుగుతుంది. బైనాక్యులర్లు బీరువాలోకి వెళ్లిపోతాయి. వలస బాతులూ ఉల్లంకులూ మార్చి, ఏప్రిల్ నాటికి ఉత్తరానికి మళ్లిపోతాయి కాబట్టి ఇక చూడ్డానికి ఏముందిలే అనుకుంటారు.

నేను ఒప్పుకోను. చలికాలంలో మనం చూసేది వచ్చిపోయే పక్షుల్ని. ఏడాది పొడుగునా మనతో ఉండే పిట్టలు జోడు కట్టడం, గూడు అల్లడం, పిల్లల్ని సాకడం చూడాలంటే వేసవే సరైన కాలం. పైగా దానికోసం రైలెక్కనక్కర్లేదు. తెల్లారి అయిదున్నరకు కాఫీ గ్లాసుతో పెరట్లోకో డాబా మీదికో వెళ్తే చాలు. ఎనిమిది దాటాక ఎలాగూ మనమే ఉండలేం. ఆ రెండున్నర గంటల్లో ఎంత చూస్తే అంత.

మొదట వినబడేది పెద్ద నల్లంచి. ఇంగ్లిషు పుస్తకాల్లో మాగ్పై రాబిన్ అని రాసేది దీన్నే. నలుపు తెలుపుల పిట్ట, తోక నిక్కబొడుచుకుని తిరుగుతుంది. చలికాలమంతా పొదల నీడన గుట్టుగా ఉండే మగపిట్ట మార్చి వచ్చేసరికి వీధిలోకెల్లా ఎత్తయిన చోటు వెతుక్కుంటుంది. ఇప్పుడు అది కేబుల్ టీవీ డిష్షో, నీళ్ల ట్యాంకో. ఇంకా చీకటి విడకముందే పాట ఎత్తుకుంటుంది. ఎత్తుకున్న వరస మళ్లీ ఎత్తుకోకుండా చాలాసేపు పాడుతుంది. మధ్యలో ఇతర పిట్టల కూతలూ కలిపేస్తుంది. మన కవులు కోయిలకు కట్టబెట్టిన పట్టంలో సగమైనా దీనికి దక్కాల్సింది.

కోయిల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఉగాదికి వచ్చే పిట్ట అని మనం అనుకునే కోయిల నిజానికి ఎక్కడి నుంచీ రాదు. ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. చలికాలంలో నోరు విప్పదు కాబట్టి మనం లేదనుకుంటాం, అంతే. కూసేది ఎర్రకళ్ల నల్లటి మగపిట్ట. ఆడది గోధుమ రంగు మీద తెల్లటి చుక్కలతో, చూసినా పోల్చుకోలేనట్టు ఉంటుంది. దాని గొంతు వేరు, ‘కిక్ కిక్ కిక్’ అని గాభరాగా అరుస్తుంది. ఇక మావిచిగుళ్లు తిని గొంతు సవరించుకోవడం కవుల మాట. కోయిలకు కావాల్సింది పళ్లు. రావి, మర్రి, మేడి పళ్లు, మన పెరటి కరివేపాకు చెట్టుకు కాసే నల్లటి పళ్లు. మీరు నాటకుండానే గోడవారన కరివేపాకు మొక్క మొలిచిందంటే అది కోయిలో, పిగిలిపిట్టో నాటి వెళ్లిందే.

కోయిల కూతకు అసలు అర్థం తెలియాలంటే కాకుల్ని చూడాలి. ఏప్రిల్ వచ్చేసరికి కాకులు పుల్లలు ఏరడం మొదలుపెడతాయి. మా వీధిలో ఇల్లు కట్టే చోట పడేసిన కట్టుతీగ ముక్కల్ని కూడా వదలవు. పుల్లలూ ఇనుప తీగలూ కలిపి అల్లిన గూళ్లు నగరాల్లో ఇప్పుడు మామూలే. ఆ గూట్లో కాకి గుడ్డు పెట్టిందో లేదో కోయిలల పని మొదలవుతుంది. మగది ఎదురుగా కూర్చుని కూసి కాకుల్ని రెచ్చగొట్టి వెంట తిప్పుకుంటుంటే, ఆ సందులో ఆడది గూట్లో దూరి గుడ్డు పెట్టి వస్తుందని పక్షి శాస్త్రవేత్తలు రాశారు. కోయిల గుడ్డు పన్నెండు పద్నాలుగు రోజుల్లో పిల్లవుతుంది. కాకి గుడ్డుకు అంతకన్నా ఎక్కువ రోజులు కావాలి. ముందు పుట్టిన పిల్ల ముందు నోరు తెరుస్తుంది, ముందు మేత అందుకుంటుంది. మే నెలాఖరులోనో జూన్‌లోనో, గోధుమ చుక్కల పిల్ల ఒకటి కొమ్మ మీద రెక్కలు వణికిస్తూ అరుస్తుంటే కాకి వచ్చి దాని నోట్లో మేత కుక్కి వెళ్లడం కనబడుతుంది. కాకి అమాయకత్వం మీద జాలి పడనక్కర్లేదు. అది చాలాసార్లు కోయిలల్ని తరిమి తరిమి కొడుతుంది. ఆ గొడవంతా చూస్తూ కూర్చుంటే పేపరు చదవబుద్ధి కాదు.

మందారం కొమ్మకు వేలాడే ఇల్లు

తేనెపిట్ట బొటనవేలి కన్నా కాస్త పెద్దది. పెరట్లో మందారమో దానిమ్మో ఉంటే దాన్ని పిలవనక్కర్లేదు. మన దగ్గర ఇళ్ల మధ్య తిరిగేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఊదా తేనెపిట్ట. జోడు కట్టే రోజుల్లో మగపిట్ట దూరం నుంచి నల్లగా కనబడుతుంది. ఎండ పడిందంటే నీలం, ఊదా కలిసి మెరుస్తుంది. ఆ కాలం ముగిశాక దాని వేషమే మారిపోతుంది. గొంతు నుంచి పొట్ట దాకా దిగే ఒక నల్లటి చార తప్ప తక్కినదంతా ఆడపిట్ట రంగే. రెండో రకానికి పొట్ట పసుపు, నడుము మీద ఊదా మెరుపు. ఆ మగపిట్ట వేషం మార్చదు.

గూడు కట్టేది ఆడపిట్ట. మొదటి రోజు అది సాలెగూడు దారాన్ని ముక్కుకు చుట్టుకొచ్చి మందారం కొమ్మ చివర రాసి వెళ్తుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ రాస్తుంది. చూస్తుండగానే అక్కడ బూజులాంటి పోగు ఒకటి వేలాడుతుంది. మన ఇళ్లలో ఆ దశలోనే చీపురు దెబ్బకు పోయే గూళ్లు ఎన్నో! ఆ పోగుకు ఎండుటాకు పెళుసులు, బెరడు పొట్టు, గొంగళిపురుగుల పెంటికలు అంటిస్తుంది. అది గూడనే అనుమానం పిల్లికీ కాకికీ రాకూడదు, అదీ ఎత్తుగడ. సంచీ ఆకారం తేలాక పక్కన కంత వదిలి, కంత మీద చిన్న చూరు దింపుతుంది. లోపల దూదో, బూరుగు పింజో పరుస్తుంది. గుడ్ల మీద ఎక్కువసేపు కూర్చునేది కూడా ఆడదే. కంతలోంచి పొడవాటి ముక్కు, ఒక కన్ను మాత్రం బయటికి కనబడతాయి. మగది పాట పాడుతూ, అద్దంలో తన బొమ్మతో పోట్లాడుతూ తిరుగుతుంది. పిల్లలు పుట్టాక మాత్రం మేత మోయడానికి వస్తుంది. ఆ మేత తేనె కాదు, సాలీళ్లూ పురుగులూ. అందుకే మొక్కలకు మందు కొట్టిన పెరట్లో పూలు ఎన్ని ఉన్నా తేనెపిట్ట పిల్లలకు కూడు ఉండదు.

దర్జీపిట్ట నైపుణ్యం మరో తీరు. వంకాయ ఆకో, బాదం ఆకో ఎంచుకుని అంచుల వెంట ముక్కుతో బెజ్జాలు పొడిచి, దూది పోగుల్నీ సాలెదారాన్నీ అందులోంచి లాగి కుడుతుంది. ఆకు చెట్టునే ఉంటుంది కాబట్టి పచ్చగానే ఉంటుంది. పక్కనే నిలబడినా గూడు కనబడదు. పిట్ట చిన్నదే గానీ గొంతు పెద్దది. ఆ అరుపు విని ఏదో పెద్ద పిట్ట అనుకుని వెతికేవాళ్లని చాలామందిని చూశాను.

పిగిలిపిట్ట, అంటే బుల్‌బుల్, వీటికి పూర్తిగా వ్యతిరేకం. నెత్తిన నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. దాపరికం తెలియదు. గుమ్మం ముందు వేలాడే మనీప్లాంటు కుండీలో, వరండా లైటు మీద, క్రోటన్ మొక్కలో చేతికందే ఎత్తులో గిన్నెలాంటి గూడు కట్టి రెండు మూడు గుడ్లు పెడుతుంది. మనిషి ఉన్నచోట పాములూ కాకులూ తక్కువని దాని లెక్క కాబోలు. ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది.

మధ్యాహ్నం అన్నీ మూగబోతాయి. అప్పుడు కూడా ఆగనిది కంసాలిపిట్ట ఒక్కటే. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి నుదురు, పసుపు గొంతు. ఎండిన కొమ్మ కొసన కూర్చుని ‘టుక్, టుక్, టుక్’ అని నిమిషానికి వందకు పైగా కొడుతుంది. ప్రతి దెబ్బకీ తల అటో ఇటో తిప్పుతుంది, అందుకే శబ్దం ఎటు నుంచి వస్తోందో పట్టుకోలేం. ఎండు కొమ్మల్ని మనం పనికిరానివి అనుకుంటాం. దానికి తొర్ర తొలుచుకునే ఇల్లు అవే.

చెరువు గట్టు పాఠం

ఇళ్ల మధ్య ఉండలేక నేను వెళ్లే చోటు అమీన్‌పూర్ చెరువు. హైదరాబాద్ అంచున ఉన్న ఈ పాత చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. అయినా ఏప్రిల్‌లో నీళ్లు వెనక్కి తగ్గి ఒండ్రు బయటపడే చోట ఇంకా ఎంతో ఉంది చూడ్డానికి.

ఒకరోజు గట్టు మీద గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన నా మెడలోని బైనాక్యులర్లు చూసి ఆగాడు. ఎదురుగా బర్రె వీపు మీద నల్లటి పిట్ట, చీలిన తోకతో కూర్చుని ఉంది.

“ఏం జూస్తున్నవ్ సారూ?”

“ఆ నల్ల పిట్టని తాతా. మీరేమంటారు దాన్ని?”

“పసుల పోలిగాడు. బర్లు గడ్డిల నడుస్తుంటే పురుగులు లేస్తయ్ గద, గందుకు ఎక్కి కూసుంటది. మస్తు ధైర్యం దానికి. గద్దనైనా ఎంట పడి కొడ్తది.”

ఏట్రింత అని కూడా పిలిచే ఈ పిట్ట గురించి పుస్తకాలు చెప్పేదీ అంతే. తన గూడున్న చెట్టు దరిదాపులకు కాకినీ గద్దనీ రానివ్వదు. అందుకే గువ్వల్లాంటి భయస్తులు అదే చెట్టు మీద గూడు పెట్టుకుంటాయి. హిందీ ప్రాంతాల్లో దీన్ని కొత్వాల్ అంటారు.

ఒండ్రు అంచున గుడ్డి కొంగలు. మామూలు రోజుల్లో మట్టిరంగులో కలిసిపోయి, మన కాలి కింద నుంచి ఎగిరితే తప్ప తెలియని కొంగ ఇది. మే నెలలో దాన్ని చూడాలి! వీపు మీద వంకాయ ఎరుపు పులుముకుంటుంది. పశువుల కొంగకూ అప్పుడే తల, మెడ నారింజ రంగుకు తిరుగుతాయి. వానలకు ముందు కట్టే పెళ్లి బట్టలవి.

గట్టు మీద మట్టి కోసుకుపోయిన చోట వేలెడు బెజ్జాలు వరసగా కనబడితే అవి పసరిక పిట్టల గూళ్లు. ఈ పిట్ట తేనెటీగను గాల్లోనే పట్టి తెచ్చి, తీగ మీద కూర్చుని, అటూ ఇటూ బాది కొండి ఊడగొట్టుకుని మరీ మింగుతుంది.

అక్కడికి కాస్త దూరంలో కంకర నేల మీద తీతువు. అపశకునమని పేరుపడ్డ పిట్ట. దాని కూత వింటే ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటారు. దాని బాధ ఏమిటో దగ్గర నుంచి చూస్తే ఆ మాట అనరు. గూడంటూ ఉండదు. నాలుగు రాళ్ల మధ్య చిన్న గుంట, అందులో రాళ్ల రంగులోనే మచ్చల గుడ్లు. మే నెల ఎండకు ఆ కంకర మీద చెయ్యి పెట్టలేం. గుడ్లు పొదగడం కాదు అప్పుడు దాని పని, ఉడికిపోకుండా కాపాడుకోవడం. రెక్కలు విచ్చి నీడ పడుతుంది. నీళ్లలోకి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆడా మగా వంతులేసుకుంటాయి. రాత్రి వేళ కుక్కో నక్కో మనిషో అటు వస్తే గగ్గోలు పెడుతుంది. ఆ కూతే మనకు శకునమైంది.

యానాదుల దగ్గర నేర్చుకున్న పేర్లు

మనకు పక్షుల పేర్లు లేవని, ఇంగ్లిషు పేర్లే గతి అని చాలామంది అంటారు. లేకపోవడమేం! ఈ మట్టిలోనే బోలెడున్నాయి. థామస్ జెర్డాన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. అడవీ చెరువూ తెలిసిన యానాదుల్ని అడిగి స్థానిక పేర్లూ, పిట్టల నడతా తెలుసుకున్నాడు. 1862లో వెలువడటం మొదలైన ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ సంపుటాల్లో తెలుగు పేర్లు చోటు చేసుకోవడం వెనక ఆ పరిచయం ఉంది. ప్రపంచంలో మరెక్కడా లేని మన కడప కలివికోడికి ఇంగ్లిషులో ఆయన పేరే పెట్టారు. 1900 తర్వాత కంటికి ఆనక, అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో మళ్లీ దొరికిందీ స్థానిక వేటగాడి సాయంతోనే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆయన భార్య తెహ్మినా శిబిరాల్లో వెంట ఉన్నారు. హైదరాబాద్‌లో 1980లోనే పక్షి ప్రేమికుల సంఘం ఏర్పడింది, ఇప్పటి డెక్కన్ బర్డర్స్ అదే. ఇంత వరస ఉండి కూడా బడి పుస్తకాల్లో కాకి, చిలుక, నెమలి, కోయిల దాటి ముందుకు పోకపోవడం మన బద్ధకమే తప్ప మరోటి కాదు.

అజ్ఞానం ఇంకో రకంగానూ ఉంది. శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా కొత్త సంవత్సరం వేళకు ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. ఊరి నడుమ చెట్ల మీదే గూళ్లు పెట్టి, పిల్లల్ని లేపుకుని ఆగస్టు నాటికి వెళ్తాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులూ ఈ కొంగలూ అంతకు ముందే వచ్చి ఎండలు ముదిరేసరికి ఖాళీ చేస్తాయి. రెండు చోట్లా పత్రికలు ఏళ్ల తరబడి వీటికి తగిలించే పేరు ‘సైబీరియా కొంగలు’. సైబీరియాతో వీటికి ఏ చుట్టరికమూ లేదు. ఎర్రకాళ్ల కొంగా, గూడబాతూ మన దేశపు పక్షులే. నీళ్లూ చేపలూ చూసుకుని ఒక చోటి నుంచి మరో చోటికి మారతాయంతే. పురిటికి పుట్టింటికొచ్చే ఆడపడుచుల్లా వాటిని చూసుకుంటామని చెప్పే ఊళ్లవాళ్లకే మనకన్నా సంగతి బాగా తెలుసు. వీరాపురంలో మే నెలలో చూస్తే రెట్టల వాసన, పిల్లల అరుపులు, కొమ్మ సందున జారిపడ్డ చేప ముక్కలు. వాటి కిందే మనుషుల కాపురం. కెమెరాతో వెళ్లి గంటలో వచ్చేసేవాళ్లం మనం ఆ ఓర్పుకు వంక పెట్టలేం.

పాలపిట్టకు దసరా ఒక్కరోజే చాలా?

దసరా నాడు పాలపిట్టను చూసి మొక్కని తెలుగువాడు ఉండడు. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్‌కూ ఒకప్పుడు అదే, 2018లో రామచిలుకను ప్రకటించారు. కానీ పాలపిట్ట అందం పూర్తిగా తెలిసేది దసరాకు కాదు, మార్చి, ఏప్రిల్ నెలల్లో. మగపిట్ట ఎత్తుకు లేచి, రెక్కలు ముడిచి, అటూ ఇటూ పల్టీలు కొడుతూ కర్కశంగా అరుస్తూ కిందికి దూకుతుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా కనబడే పిట్టలో అంత నీలం ఎక్కడ దాగిందో అనిపిస్తుంది. గూడు చెట్టు తొర్రలోనో, తల రాలిన తాటి మోడులోనో.

ఆ మోడులే ఇప్పుడు మిగలడం లేదు. దేశవ్యాప్తంగా పక్షి ప్రేమికులు ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేసిన లెక్కల ఆధారంగా 942 రకాల పక్షుల స్థితిని అంచనా కట్టిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2023 నివేదిక, తగ్గుతున్న పక్షుల్లో పాలపిట్టనూ చేర్చింది. అంతర్జాతీయంగా దాని ముప్పు స్థాయిని మళ్లీ మదింపు చేయాలని సూచించింది. అదే నివేదిక ప్రకారం కోయిలా, నెమలీ బాగా పెరుగుతున్నాయి. పండగకు బోనులో పెట్టి తెచ్చే పాలపిట్టకు మొక్కితే పుణ్యం రాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం.

ఇన్ని చెప్పి, ఎండలో పిట్టలకు మనం చేయగలిగింది చెప్పకపోతే ఎలా? పిట్టకు చెమట పట్టదు. నోరు తెరిచి గొంతు ఆడిస్తూ ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది. అందుకు నీళ్లు కావాలి. లోతు రెండంగుళాలు దాటని మట్టి మూకుడు మంచిది. స్టీలు గిన్నె మధ్యాహ్నానికి కాలిపోతుంది. నీడలో, పిల్లి మాటువేయలేని చోట, నేల నుంచి కాస్త ఎత్తులో పెట్టండి. నీళ్లు రోజూ పారబోసి మూకుడు రుద్ది మళ్లీ నింపాలి, లేకపోతే దోమల్ని పెంచినట్టే. ఉప్పూ నూనే ఉన్న మిగులు వంటకాలు పెట్టకండి. గోదావరి పల్లెల్లో చూరుకు వేలాడగట్టే వరికంకుల కుచ్చు పిచ్చుకలకు వెయ్యి రెట్లు మేలు.

గూడు కనబడితే ఫోన్ తీసుకుని దగ్గరికి వెళ్లొద్దు. మనం పదేపదే చూసే చోటును కాకి కూడా చూస్తుంది. ఈకలు వచ్చిన పిల్ల కింద పడి ఉంటే అట్టపెట్టెలో ఇంటికి తెచ్చుకుని పాలు పోయకండి. పక్కనున్న పొదలోనో కొమ్మ మీదో పెట్టి దూరంగా జరిగితే తల్లి వచ్చి మేత పెడుతుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందనేది ఒట్టి మాట.

ఇక కొమ్మలు కొట్టే సంగతి. గాలివానలు రాకముందే కరెంటు తీగలకు తగిలే కొమ్మల్ని కొట్టడం మన ఊళ్లలో ఏటా మేలో జరిగే పని. గూళ్లు నిండుగా ఉండే నెల కూడా అదే. పోయినేడు మా వీధి వేపచెట్టు ఎక్కిన కుర్రాడు కత్తి ఎత్తి ఆగి, “గూడుంది సార్, పిల్లలున్నయ్, ఈ కొమ్మ వదిలెయ్యనా?” అని అడిగాడు. ఆ కొమ్మ తీగకు తగలడం లేదు కూడా. అడగకపోతే పోయేది. అందుకే కొమ్మలు కొట్టేవాళ్లు మీ వీధికి వచ్చిన రోజు మీరు కాస్త బయట నిలబడండి. తీగకు తగిలేది కొట్టమనండి, గూడున్నది వదిలెయ్యమనండి. సొంత పెరట్లో చెట్లు కత్తిరించే పని ఉంటే దసరా అయ్యాక పెట్టుకోండి.